మా కాలేజీ రోబో వార్‌లో ఫైనల్‌కు ముందే జనం లేచిపోయారు, ఈసారి రూల్స్ ఎలా మార్చాలి?

నల్లగొండ_మెక్_థర్డ్‌ఇయర్:

అన్నలూ, అక్కలూ, నమస్తే. నల్లగొండ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోయినేడు మా టెక్ ఫెస్ట్‌లో మొదటిసారి రోబో వార్ పెట్టాం, అంటే రిమోట్‌తో నడిపే రోబోలు (బాట్‌లు) అరీనాలో తలపడే పోటీ. 15 కిలోల క్లాస్, పదకొండు బాట్‌లు వచ్చాయి. వనపర్తి, సూర్యాపేట, దేవరకొండ నుంచి పిల్లలు బాట్‌ను గోనెసంచిలో చుట్టుకుని ఆర్టీసీ బస్సుల్లో వచ్చారు. పొద్దున అరీనా చుట్టూ నిలబడటానికి జాగా లేదు. మధ్యాహ్నం మూడింటికి చూస్తే సగం మంది కూడా లేరు.

ఏం జరిగిందంటే, పదకొండులో ఎనిమిది ఒకే రకం. ముందు ఇనుప రేకు వాలుగా వెల్డ్ చేసి, వెనక వైపర్ మోటర్లు పెట్టిన వెడ్జ్‌లు. రెండు వెడ్జ్‌లు తలపడితే మూడు నిమిషాలూ ఒకదాన్నొకటి నెట్టుకోవడమే, చివరికి జడ్జి ఎవరో ఒకరి చెయ్యి ఎత్తడమే. మిగిలిన మూడింట్లో ఒకటి హారిజాంటల్ బార్ స్పిన్నర్, అంటే అడ్డంగా గిరగిరా తిరిగే కడ్డీతో కొట్టే బాట్. మామూలు స్పిన్నర్ కాదు, దాని కడ్డీ తిరగడం మొదలుపెడితే అరీనా బయట మన కడుపులో అదిరేది. అది వరసగా రెండు బాట్‌లను చీల్చేసింది. ఆ తర్వాత సెమీస్‌లో ఎదురు రావాల్సిన టీమ్ తప్పుకుంది, ఫైనల్‌లో రావాల్సిన టీమ్ కూడా తప్పుకుంది. వాళ్లను నేను తప్పు పట్టను, ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బులతో కట్టుకున్న బాట్ అది. కానీ ఫైనల్ ఆడకుండానే కప్పు ఇచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి మా సార్ స్పిన్నర్లను బ్యాన్ చేద్దాం అంటున్నారు. మా టీమ్ వాళ్లేమో వెడ్జ్‌లను బ్యాన్ చేద్దాం అంటున్నారు. రెండూ తీసేస్తే ఇక మిగిలేది ఏముంది? ఆట రంజుగా ఉండాలంటే రూల్స్ ఎలా రాయాలి, పాయింట్లు ఎలా పెట్టాలి, రకరకాల డిజైన్లు రావాలంటే ఏం చేయాలి? బడ్జెట్ తక్కువే. ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే జర చెప్పండి.

కందనూలు_బాట్స్:

తమ్మీ, రెండింటిలో దేన్నీ బ్యాన్ చేయకు. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ బాట్‌లే కట్టాను, మా నాగర్‌కర్నూల్ నుంచి ఫెస్ట్ ఎక్కడ ఉంటే అక్కడికి పోయేవాళ్లం, అందుకే చెప్తున్నాను.

నీ బాధ కొత్తదేం కాదు. మార్క్ థోర్ప్ అనే ఆయన 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రోబో వార్స్ మొదలుపెట్టారు, మరుసటి ఏడాదే లా మషీన్ అనే వెడ్జ్ వచ్చి అందరినీ నెట్టి పడేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ ఆట నడిపేవాళ్లు పడుతున్న తిప్పలన్నీ ఒక్కటే: అందరూ ఒకే డిజైన్ మీదికి పోకుండా ఎట్లా ఆపాలి. అమెరికా టీవీలో వచ్చే రోబో పోటీ బ్యాటిల్‌బాట్స్ వాళ్లు వెడ్జ్‌ను తీసేయలేదు, ప్రతి బాట్‌కూ మోటరుతోనో గాలితోనో పనిచేసే ఒక ఆయుధం ఉండి తీరాలి అన్నారు, అంతే. వెడ్జ్ పెట్టుకో, కానీ దాంతోపాటు లేపేదో, కొట్టేదో, తిరిగేదో ఇంకొకటి ఉండాలి. నువ్వు ఈ ఒక్క రూల్ పెట్టినా పోయినేటి ఎనిమిది వెడ్జ్‌లలో సగం లిఫ్టర్లుగా, అంటే ఎదుటి బాట్‌ను లేపేవిగా మారి వస్తాయి.

వెడ్జ్‌ను పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించు. బార్ స్పిన్నర్‌కు మందు గట్టి వెడ్జో, లేపే బాటో. 2015 బ్యాటిల్‌బాట్స్ ఫైనల్‌లో టూంబ్‌స్టోన్ అని భయంకరమైన బార్ స్పిన్నర్, దాన్ని ఓడించింది బైట్ ఫోర్స్. అప్పట్లో బైట్ ఫోర్స్ స్పిన్నర్ కానే కాదు, పట్టుకుని లేపే రకం. మరుసటి ఏడాది 2016లో టూంబ్‌స్టోన్ టైటిల్ కొట్టింది. బైట్ ఫోర్స్ నిలువు స్పిన్నర్‌గా మారి 2018లో, 2019లో మళ్లీ గెలిచింది. చూశావా, ఒకదాన్ని ఇంకోటి తింటూ పోతే జనం కూర్చుంటారు, వచ్చే ఏడాది ఏమవుతుందో అని ఎదురు చూస్తారు. మీ దగ్గర ఆ స్పిన్నర్‌ను తినే బాట్ ఒక్కటి కూడా లేకపోయింది. ఎనిమిది వెడ్జ్‌లు ఉన్నాయి కదా అంటావేమో, అవి రేకుతో చేసినవి. 2 ఎంఎం రేకు స్పిన్నర్ ముందు అప్పడం.

ఇక పాయింట్ల సంగతి. మీ జడ్జిలు దేనికి ఎంత ఇచ్చారో రాయలేదు, కానీ నెట్టినవాడే గెలిచాడంటే అదుపుకే ఎక్కువ వేసి ఉంటారు. బ్యాటిల్‌బాట్స్‌లో ఒక్కో జడ్జి చేతిలో 11 పాయింట్లు ఉంటాయి, ఇద్దరి మధ్య పంచాలి: నష్టానికి 5, దూకుడుకు 3, అదుపుకు 3. ముగ్గురు జడ్జిలు, మొత్తం 33. ఎదుటి బాట్‌ను పాడు చేసినవాడికి ఎక్కువ, ముందుకు పోయినవాడికి తర్వాత. ఈ అంకెలను పోటీకి రెండు మూడు నెలల ముందే కాగితం మీద పెట్టి అన్ని కాలేజీలకూ పంపు. పిల్లలు బాట్ కట్టేది పాయింట్లను చూసే. పోటీ రోజు పొద్దున మైకులో చెప్తే ఏం లాభం?

పాలమూరు_కబడ్డీ:

నేను రోబోలు కట్టలేదు, మహబూబ్‌నగర్‌లో పిల్లలకు కబడ్డీ నేర్పిస్తాను. మా తమ్ముడి కొడుకు రోబో వార్ ఆడతాడు కాబట్టి రెండుసార్లు వెళ్లి చూశాను. మూడు నిమిషాలు నెట్టుకోవడం గురించి చదివితే మా ఆటలో జరిగింది గుర్తొచ్చింది.

కబడ్డీలో ఒకప్పుడు రెండు పాయింట్లు ముందున్న టీమ్ రెయిడర్‌ను పంపి, గీత దాటి ఊరికే కూత పెట్టి వెనక్కి రప్పించేది. టైమ్ అయిపోయేదాకా అదే పని. చూసేవాళ్లకు చికాకు, ఆడేవాళ్లకూ చికాకు. ఇప్పుడు రెయిడ్‌కు 30 సెకన్లే. వరసగా రెండు రెయిడ్‌లు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రెయిడర్ అవుట్. ఈ ఒక్క రూల్‌తో ఆట మారిపోయింది. మూడో రెయిడ్ వచ్చిందంటే మా గ్రౌండ్‌లో చాయ్ తాగుతున్నవాళ్లు కూడా గ్లాసు పక్కన పెట్టి చూస్తారు.

మీరు కూడా అలాంటిది పెట్టుకోవచ్చు కదా బాబూ. 15 సెకన్లపాటు ఏ బాట్ కూడా ఆయుధంతో కొట్టే ప్రయత్నం చేయకపోతే రెఫరీ విజిల్ వేసి రెండింటినీ విడదీసి మూలలకు పంపాలి. రెండోసారి కూడా తప్పించుకు తిరిగింది ఎవరో రెఫరీ చెయ్యి చూపించి చెప్పాలి, వాళ్ల దూకుడు పాయింట్లలో ఒకటి ఎదుటివాళ్లకు పోవాలి. గోడకు నొక్కిపెట్టి ఉంచడానికి కూడా లెక్క ఉండాలి, పది అంకెలు లెక్కపెట్టి వదిలేయమనాలి. ఆ పది అంకెలూ జనంతో లెక్కపెట్టించండి. మా తమ్ముడి కొడుకు ఆడిన చోట బాట్ కదలకుండా పడిపోతే జనమే ఒకటి, రెండు అని అరిచారు, ఏడు దగ్గర అది కదిలేసరికి ఆ గోల చూడాలి మీరు.

ఇంకోటి, ఒక్కసారి ఓడితే ఇంటికే అన్న పద్ధతి తీసేయండి. వనపర్తి నుంచి బస్సులో వచ్చిన పిల్లలు నలభై సెకన్లలో ఓడి సంచి సర్దుకుంటే వచ్చే ఏడాది రారు. ముందు గ్రూపులు చేసి ప్రతి టీమ్‌కూ కనీసం మూడు ఆటలు ఇవ్వండి, తర్వాత నాకౌట్.

హైవే_లేత్_వర్క్:

మాది నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద లేత్, వెల్డింగ్ షాపు. కాలేజీ పిల్లలు బాట్‌ల పని మీద వస్తుంటారు, చాలా వాటికి షాఫ్టులు మేమే తిప్పి ఇచ్చాం. అందుకే నా మాట కూడా వినండి. రూల్స్ అందరూ చెప్తారు, బాట్ నిలబడకపోతే రూల్స్ ఏం చేస్తాయి? మ్యాచ్‌లు చప్పగా అయ్యేది సగం వైర్ ఊడిపోయి, చైన్ జారిపోయి. స్పిన్నర్ కొట్టింది ఒక దెబ్బ, బాట్ ఆగిపోయింది, లోపల చూస్తే రేకు చెక్కుచెదరలేదు, బ్యాటరీ కనెక్టర్ ఊడింది. అది ఓటమే కాదు.

పిల్లలకు నేను చెప్పేవి ఇవే. ఆయుధానికి చైన్ వద్దు, బెల్ట్ పెట్టండి, దెబ్బ తగిలినప్పుడు బెల్ట్ జారి మోటర్ బతుకుతుంది. వీల్ షాఫ్ట్‌ను ఒక పక్కనే పట్టి వదిలేయకండి, రెండు పక్కలా బేరింగ్ ఇవ్వండి. వైర్లకు కొంచెం వదులు ఉంచి కట్టండి. బ్యాటరీ చుట్టూ స్పాంజ్ పెట్టండి.

స్పిన్నర్ కడ్డీకి లారీ కమాన్ పట్టీ వాడటం మా దగ్గర మామూలే, స్క్రాప్‌లో చవగ్గా దొరుకుతుంది, స్టీలు కూడా మంచిదే. కానీ దాన్ని వెల్డ్ చేయకండి, చేతులెత్తి చెప్తున్నాను. కార్బన్ ఎక్కువున్న స్టీలు, వెల్డ్ చేసిన చోట పక్కన గాజులా పెళుసు అయిపోతుంది, తిరిగేటప్పుడు అక్కడే విరిగి ముక్క ఎగురుతుంది. బొక్క వేయాలంటే ముందు ఎర్రగా కాల్చి బూడిదలో కప్పి తెల్లారేదాకా చల్లారనివ్వాలి, మెత్తబడుతుంది, అప్పుడు డ్రిల్ చేయాలి. తర్వాత మళ్లీ కాల్చి నూనెలో ముంచి, ఇంకోసారి సన్నగా కాచి పెళుసుతనం తీయాలి. మా కమ్మరి పెదనాయన గొడ్డళ్లకు ఇదే పద్ధతిలో పదును పట్టేవాడు. నూనెలో ముంచి అలాగే వదిలేస్తే అరీనాలో అది ముక్కలవుతుంది.

డిజైన్ గురించి ఒక లెక్క చెప్తాను, ఇది తెలిస్తే పిల్లలు ఊరికే స్పీడు పెంచరు. మీ బాట్ సెకనుకు 3 మీటర్లు పోతుందనుకోండి, డిస్క్ నిమిషానికి 6000 చుట్లు, అంటే సెకనుకు 100. పన్ను ఒకటే ఉంటే ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య ఎదుటి బాట్ 30 ఎంఎం లోపలికి వస్తుంది, పన్ను గట్టిగా పట్టుకుంటుంది. పళ్లు రెండైతే 15 ఎంఎం, నాలుగైతే ఏడున్నర. పళ్లు పెరిగినకొద్దీ గీకుతుంది తప్ప కొట్టదు. ఒక్క పన్ను పెట్టి అవతలి పక్క బరువు సరిచూసుకుంటే ఎదుటి బాట్ గాల్లోకి లేస్తుంది. జనం చూడాలనుకునేది అదే కదా.

రూల్ ఒకటి అడుగుతున్నాను: మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య టీమ్‌కు కనీసం 30 నిమిషాల రిపేర్ టైమ్ ఇవ్వండి, ఒక వెల్డింగ్ మిషన్, గ్రైండర్ కాలేజీ తరఫున పెట్టండి. పోయినేడు మీ దగ్గర తప్పుకున్న రెండు టీమ్‌లూ బాగు చేసుకునే ఆశ ఉంటే తప్పుకునేవి కావు.

నల్లగొండ_మెక్_థర్డ్‌ఇయర్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, డూ ఆర్ డై ఆలోచన నాకు అస్సలు తట్టలేదు, మా టీమ్ గ్రూపులో పెట్టగానే అందరూ ఒప్పుకున్నారు. అన్నా, చైన్ సంగతి నిజం, మా సొంత బాట్ అలాగే ఆగింది.

ఇంకో డౌట్. టీవీలో చూపించే పాత రోబో వార్స్‌లో నేలలో గొయ్యి తెరుచుకునేది కదా, అలాంటిది మేం పెట్టగలమా? స్పిన్నర్ లేని బాట్‌కు కూడా గెలిచే దారి ఉండాలని నా కోరిక. నష్టానికే 5 పాయింట్లు అంటే లిఫ్టర్ కట్టినవాడికి అన్యాయం కాదా?

మిర్యాలగూడ_టు_బాలానగర్:

అన్యాయమే తమ్ముడూ, నువ్వు సరిగ్గా పట్టుకున్నావు. కందనూలు అన్న చెప్పిన పాయింట్లు టీవీకి సరిపోతాయి, అక్కడ ప్రతి బాట్ దగ్గరా డబ్బుంది. కాలేజీ లెవెల్‌లో నష్టానికే అంత వేస్తే రెండేళ్లలో పదకొండుకు పదకొండూ స్పిన్నర్లే వస్తాయి. అప్పుడు అది ఇంకో రకం బోర్. అందుకని పాయింట్లను ముట్టుకోకుండా నేలను మార్చు.

బీబీసీలో వచ్చిన రోబో వార్స్‌లో గొయ్యి ఎందుకు పనిచేసిందంటే, మ్యాచ్ కొంత నడిచాక బటన్ తాకితే తెరుచుకునేది, ఓడిపోతున్నవాడికి కూడా చివరి నిమిషందాకా ఆశ ఉండేది. కేయాస్ 2 లాంటి ఫ్లిప్పర్లు అయితే ఎదుటి బాట్‌ను గోడ మీదుగా బయటికే విసిరేసేవి. మీకు మోటరుతో తెరుచుకునే గొయ్యి ఖర్చు. చవకైన దారి ఒకటుంది: అరీనా నేలను ఇనుప ఫ్రేమ్ మీద ఒక అడుగు ఎత్తులో కట్టండి, బయటి గోడకూ నేలకూ మధ్య రెండు వైపులా రెండడుగుల కాలువలా వదిలేయండి. అంచుకు నాలుగు వేళ్ల ఎత్తు గట్టు. కాలువలో పడినవాడు అవుట్. నెట్టేవాడు గట్టు దాటించలేడు, లేపాలి. దాంతో వెడ్జ్ ఒక్కటే పెట్టుకుని వచ్చినవాడికి పని జరగదు, లిఫ్టర్‌కు, ఫ్లిప్పర్‌కు, పట్టుకుని ఎత్తేవాడికి గెలిచే దారి దొరుకుతుంది. స్పిన్నర్ వాడు కూడా భయపడతాడు, తన దెబ్బకు తనే వెనక్కి తుళ్లి కాలువలో పడొచ్చు.

కొత్త డిజైన్లకు బరువులో రాయితీ ఇవ్వాలనుకుంటే మాత్రం మాటలు చాలా జాగ్రత్తగా రాయి. చక్రాలు లేకుండా కాళ్లతో నడిచే బాట్‌లకు ఎక్కువ బరువు ఇచ్చేవాళ్లు. 2001లో సన్ ఆఫ్ వయాచీ అనే బాట్ చక్రాలకు బదులు పాకుతున్నట్టు జరిగే కాళ్లు పెట్టుకుని, ఆ అదనపు బరువంతా తిరిగే ఆయుధంలో పోసి బ్యాటిల్‌బాట్స్ హెవీవెయిట్ గెలిచింది. తర్వాత ఆ రకం కాళ్లకు రాయితీ తీసేశారు. వాళ్లు చేసింది తప్పు కాదు, రూల్ చదివి తెలివిగా కట్టారు. 2015లో ఇంకొకటి జరిగింది, కంప్లీట్ కంట్రోల్ అనే టీమ్ గిఫ్ట్ బాక్స్‌లో వల దాచి తెచ్చి ఘోస్ట్ రాప్టర్ అనే స్పిన్నర్‌కు చుట్టేసింది. పెద్ద గొడవై ఆ మ్యాచ్ మళ్లీ ఆడించారు. కాబట్టి వలలు, తాళ్లు, జిగురు, నీళ్లు వద్దని ముందే రాసిపెట్టు.

ఇప్పుడు అసలు విషయం. నీ పోస్ట్ చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది ఆ స్పిన్నర్ గురించి. అరీనా గోడ దేనితో కట్టారు? ఒక ఫెస్ట్‌లో నేను చూశాను, యాక్రిలిక్ షీట్లు పెట్టారు, చిన్న బోల్టు ఎగిరి తగిలితే షీటు పెంకుల్లా పగిలింది. ముందు వరసలో స్కూలు పిల్లలు కూర్చున్నారు. ఎవరికీ ఏం కాలేదు, కానీ ఆ రోజు నుంచి ఎక్కడికి పోయినా ముందు గోడనే గోరుతో కొట్టి చూస్తాను. పాలీకార్బోనేట్ మాత్రమే వాడాలి, అది వంగుతుంది, సొట్ట పడుతుంది, పగిలి ముక్కలు కాదు.

లెక్క చెప్తాను విను. 3 కిలోల కడ్డీ, 60 సెంటీమీటర్ల పొడవు, నిమిషానికి 3000 చుట్లు. కొన దగ్గర వేగం సెకనుకు 94 మీటర్లు, అంటే గంటకు దాదాపు 340 కిలోమీటర్లు. బ్యాటిల్‌బాట్స్ పెద్ద అరీనాలోనే పరిమితి 250 మైళ్లు, మన లెక్కలో 400 కిలోమీటర్లు. ఆ కడ్డీలో ఉన్న శక్తి దాదాపు 4400 జౌల్స్. అది ఎంతంటే, నీ 15 కిలోల బాట్‌ను పదంతస్తుల మేడ మీది నుంచి కిందికి వదిలితే నేలను తాకేటప్పుడు ఎంత ఉంటుందో అంత. చుట్లు సగానికి తగ్గిస్తే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, 1100 జౌల్స్. కాబట్టి స్పిన్నర్‌ను బ్యాన్ చేయాల్సిన పని లేదు, మీ గోడ తట్టుకునే దాన్ని బట్టి కొన వేగానికి పరిమితి పెట్టి, మ్యాచ్‌కు ముందు చవక టాకోమీటర్‌తో (చుట్లు లెక్కపెట్టే మీటరు) కొలవండి. మీ సార్ కూడా ఒప్పుకుంటారు. ఎదుటి టీమ్‌లు కూడా తప్పుకోవు, ఎందుకంటే బాట్ దెబ్బ తింటుంది కానీ రెండు ముక్కలు కాదు.

రేడియో సిగ్నల్ పోతే చక్రాలూ ఆయుధమూ వాటంతటవే ఆగాలి, అది ఆపి చూపించకపోతే లోపలికి పంపొద్దు. కరెంటు తీసేశాక 60 సెకన్లలో ఆయుధం ఆగాలి. అరీనా బయట ఆయుధానికి లాక్ పిన్ ఉండాలి. లైపో (లిథియం) బ్యాటరీ అంటుకుంటే ఆర్పడానికి పక్కనే ఇసుక బకెట్ ఉంచండి, ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మొహమాటం లేకుండా పక్కన పెట్టించండి.

కందనూలు_బాట్స్:

కాలువ ఆలోచన బాగుంది అన్నా, ఒప్పుకుంటున్నాను. ఒక్క అనుమానం. రెండు వైపులా కాలువ ఉంటే మ్యాచ్‌లన్నీ ఇరవై సెకన్లలో అయిపోవా? మాకు ఒక చోట అలాగే అయింది, కొట్టుకునేలోపే ఎవడో ఒకడు జారి పడిపోయేవాడు. మొదటి నిమిషం కాలువ మీద పలక మూసి ఉంచి, తర్వాత తీస్తే?

మిర్యాలగూడ_టు_బాలానగర్:

సరైన మాట. కీలు పెట్టి, పిన్ను తాడుకు కట్టి, తాడు కొసను గోడ బయటికి తీసుకోండి. నిమిషం కాగానే బయటి నుంచే లాగితే పలక కిందికి వాలుతుంది. మోటర్ అక్కర్లేదు, అరీనాలోకి ఎవరూ చెయ్యి పెట్టాల్సిన పనీ లేదు. తాడు లాగేది జనంలోంచి పిలిచిన పిల్లో పిల్లాడో అయితే ఇంకా బాగుంటుంది.

తమ్ముడూ, ఇంకో మాట, ఫస్ట్ ఇయర్ పిల్లల కోసం చిన్న క్లాస్ ఒకటి పెట్టు. అమెరికాలో ఒక పౌండు, అంటే 454 గ్రాముల క్లాస్ ఉంది, అందులో ప్లాస్టిక్ బాట్‌లకు విడిగా పోటీలు జరుగుతాయి. త్రీడీ ప్రింటర్ ఉంటే చాలు. అరీనా ఒక పెద్ద భోజనాల బల్ల అంత. విరిగితే రాత్రికి రాత్రి మళ్లీ ప్రింట్ చేసుకోవచ్చు, అందుకే భయం లేకుండా పిచ్చి పిచ్చి డిజైన్లు ట్రై చేస్తారు. విడి భాగాలకు కోఠిలో గుజరాతీ గల్లీ చూడు, మోటర్లు, కనెక్టర్లు అన్నీ ఒకే చోట దొరుకుతాయి.

నల్లగొండ_మెక్_థర్డ్‌ఇయర్:

ఈ రోజు సాయంత్రం సార్‌తో కూర్చుని మాట్లాడాను. ఆయుధం తప్పనిసరి, కొన వేగానికి పరిమితి, 15 సెకన్ల విజిల్, ప్రతి టీమ్‌కూ మూడు మ్యాచ్‌లు, 30 నిమిషాల రిపేర్: ఇవన్నీ ఒప్పుకున్నారు. స్పిన్నర్ బ్యాన్ మాట తీసేశారు, మిర్యాలగూడ అన్న చెప్పిన పదంతస్తుల లెక్కను బోర్డు మీద ఆయనే మళ్లీ చేసి చూశారు. కాలువకు మాత్రం ముందు చిన్నగా చేసి చూపించమన్నారు.

అరీనా గోడ పోయినేడు అద్దెకు తెచ్చింది, అది యాక్రిలికో పాలీకార్బోనేటో నాకు తెలియదు. రేపు పొద్దున్నే వాళ్లకు ఫోన్ చేస్తాను. ఈ ఆదివారం ప్లైవుడ్‌తో నాలుగడుగుల నేల కట్టి, మా పాత వెడ్జ్‌కు లిఫ్టర్ పెట్టి గట్టు ఎంత ఎత్తుంటే సరిపోతుందో చూస్తాం. లేత్ అన్నా, ఆ లిఫ్టర్ షాఫ్ట్ పట్టుకుని శనివారం మీ షాపుకు వస్తాం, ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది?

హైవే_లేత్_వర్క్:

రాత్రి ఎనిమిదిదాకా ఉంటాను. డ్రాయింగ్ కొలతలు ఎంఎంలో రాసుకుని రండి, బేరింగ్ కూడా వెంట తెచ్చుకోండి, దాన్ని పట్టుకునే షాఫ్ట్ తిప్పాలి.